కొండకు బస్సు సరే.. తిరుగు బస్సేది?
అనంతగిరి, నల్లమల నడకలకు శంషాబాద్‌ నుంచి దారులు.. వెళ్లే ముందు తెలుసుకోవలసిన సంగతులు

శంషాబాద్‌: తొలకరి చినుకులు పడి గుట్టలు పచ్చబడగానే నగరవాసుల చూపు కొండల వైపు మళ్లుతుంది. ఆదివారం వచ్చిందంటే బాహ్యవలయ రహదారిపై కార్లు బారులు తీరుతాయి. సొంత వాహనం ఉన్నవారికి ఇది పెద్ద చిక్కు కాదు. విమానాశ్రయ పరిసరాల్లోని గోదాముల్లో, హోటళ్లలో, నిర్మాణ పనుల్లో కుదురుకున్న యువతకు, చుట్టుపక్కల గ్రామాల విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, చిరుద్యోగులకు మాత్రం కొండ చూడాలంటే ఆర్టీసీ బస్సే ఆధారం.

శంషాబాద్‌ నుంచి కొండలకు బస్సులో చేరుకోవడం అసాధ్యమేమీ కాదు. ఒకటి రెండు చోట్ల బస్సు మారితే ఉదయం పది, పదకొండు గంటలకల్లా అడవి అంచుకు చేరవచ్చు. అసలు పరీక్ష సాయంత్రం మొదలవుతుంది. నడక ముగించుకుని అలసిన కాళ్లతో రోడ్డెక్కేసరికి బస్సు ఉంటుందా, ఉండదా అన్నదే ఆ రోజు విహారమా, విషాదమా అని నిర్ణయిస్తుంది. కనుక కొండ ప్రయాణానికి లెక్క ఉదయం బస్సు నుంచి కాక, తిరుగు బస్సు నుంచి మొదలు కావాలి.

రెండు దారులు.. రెండు రుతువులు

శంషాబాద్‌ నుంచి కొండలకు ప్రధానంగా రెండు దారులున్నాయి. పడమటి దారి చేవెళ్ల మీదుగా వికారాబాద్‌కు, అక్కడి నుంచి అనంతగిరికి చేరుస్తుంది. దక్షిణపు దారి తుక్కుగూడ వద్ద శ్రీశైలం రహదారిని అందుకుని కందుకూరు, కడ్తాల్‌, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి మీదుగా నల్లమలలోకి ప్రవేశిస్తుంది. విమానాశ్రయానికి ఒక పక్క బెంగళూరు జాతీయ రహదారి ఉంటే, మరో పక్క శ్రీశైలం రహదారి ఉంది. ఔటర్‌ మీద శంషాబాద్‌ కూడలి 16వ నంబరు, తుక్కుగూడ 14వ నంబరు నిష్క్రమణలు. పడమటి దారికి 18వ నంబరు అయిన అప్పా కూడలి ద్వారం వంటిది.

ఈ రెండు కొండలకూ కాలం ఒకటి కాదు. అనంతగిరి వానాకాలపు కొండ. జూన్‌ చివరి నుంచి అక్టోబరు వరకు అక్కడి అడవి నిండుగా ఉంటుంది. నల్లమలలోని అమ్రాబాద్‌ పులుల అభయారణ్యంలో అందుకు భిన్నంగా, వన్యప్రాణుల సంతాన కాలమైన జులై నుంచి సెప్టెంబరు వరకు అటవీ శాఖ సఫారీలను నిలిపివేస్తుంది. వర్షాలు వెనుకపట్టాక జలపాతాలు, సంక్రాంతికి ఉమామహేశ్వరం, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం నల్లమలలో వరుసగా వచ్చే రుతువులు. వానల్లో పడమరకు, వానలు వెలిశాక దక్షిణానికి వెళ్లాలని గుర్తుంచుకుంటే చాలు.

మూసీ పుట్టిన చోటుకు..

అనంతగిరి హైదరాబాద్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్‌ పట్టణానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు శంషాబాద్‌, అనంతగిరి రెండూ రంగారెడ్డి జిల్లాలోనివే. ఇప్పుడు కొండ వికారాబాద్‌ జిల్లాకు చెందింది.

ఈ కొండతో మన ప్రాంతానికి నీటి బంధం కూడా ఉంది. మూసీ నది ఇక్కడి గుట్టల్లోనే పుడుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత, వరదను అడ్డుకునేందుకు మూసీపై ఉస్మాన్‌సాగర్‌ను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మనం నిత్యం చూసే హిమాయత్‌సాగర్‌, నగరం దశాబ్దాలుగా తాగుతున్న గండిపేట నీరు, అన్నీ ఆ పడమటి గుట్టల వానపైనే ఆధారపడినవి. అక్కడ అడవిలో విసిరిన ప్లాస్టిక్‌ సీసా వానలో కొట్టుకుపోతే చివరకు చేరేది మన చెరువులకే.

కొండపై అనంత పద్మనాభస్వామి ఆలయం ప్రసిద్ధం. కార్తిక మాసంలో పెద్ద జాతర జరుగుతుంది. నిజాం కాలంలో ఇక్కడి స్వచ్ఛమైన గాలిని దృష్టిలో ఉంచుకుని క్షయ రోగుల కోసం ఆసుపత్రిని నెలకొల్పారు. పర్యాటక శాఖ వసతి గృహం కూడా కొండపైనే ఉంది. ఆలయ పరిసరాల నుంచి అడవిలోకి కాలిబాటలు సాగుతాయి.

బస్సులో వెళ్లదలచినవారు శంషాబాద్‌ నుంచి ఆరాంఘర్‌ మీదుగా మెహిదీపట్నం వైపు వెళ్లి, అక్కడ వికారాబాద్‌, తాండూరు, పరిగి వైపు వెళ్లే బస్సును అందుకోవచ్చు. ఈ బస్సులు అప్పా కూడలి, మొయినాబాద్‌, చేవెళ్ల మీదుగా సాగుతాయి. శంషాబాద్‌ నుంచి షాబాద్‌ మీదుగా చేవెళ్లకు చేరే లోపలి దారి ఉన్నా, బస్సుల రాకపోకలు పరిమితం కనుక ముందుగా వేళలు విచారించుకున్నాకే దానిపై ఆధారపడాలి. వికారాబాద్‌లో దిగి తాండూరు వైపు ఘాట్‌ రోడ్డులో వెళ్లే బస్సు గానీ, ఆటో గానీ ఎక్కితే కొండకు చేరవచ్చు.

రైలు దారి కూడా ఉంది. వికారాబాద్‌ జంక్షన్‌ సికింద్రాబాద్‌- వాడి మార్గంలో ముఖ్యమైన స్టేషన్‌. లింగంపల్లి మీదుగా వచ్చే రైళ్లు ఇక్కడ ఆగుతాయి. సాయంత్రం బస్సు తప్పినా రైలు చేతిలో ఉండటం అనంతగిరి నడకకు ఉన్న పెద్ద వెసులుబాటు. వికారాబాద్‌ బస్టాండులో, స్టేషన్‌లో తిరుగు వేళలను ఉదయమే రాసుకుని కొండెక్కడం మంచిది.

ఈ రోడ్డు గురించి ఒక మాట చెప్పక తప్పదు. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు ఇరువైపులా వందల మర్రి చెట్లున్న రహదారి ఇది. చెట్ల పరిరక్షణపై హరిత ట్రిబ్యునల్‌లో నడిచిన వివాదం కారణంగా విస్తరణ ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2025 నవంబరు 3న ఇదే మార్గంలో చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొన్న దుర్ఘటనలో 19 మంది ప్రాణాలు కోల్పోయారు. తాండూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరిన ఆ బస్సులో ఉన్నవారిలో విద్యార్థులు, ఉద్యోగాలకు వెళ్లేవారు ఎక్కువ. కొండకు వెళ్లే రోడ్డు అక్కడి ప్రజలకు నిత్య జీవనమార్గం. ఆదివారం సరదాగా వెళ్లే వందలాది కార్లు ఆ రోడ్డుపై భారాన్ని పెంచుతాయి. నలభై, యాభై మంది ఒకే బస్సులో వెళితే పది, పన్నెండు కార్లు ఇంటి దగ్గరే ఉంటాయి.

నల్లమల.. గేటు పడే అడవి

దక్షిణపు దారి మరింత దూరం, మరింత గంభీరం. హైదరాబాద్‌ నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో మన్ననూరు వద్ద అటవీ చెక్‌పోస్టు ఎదురవుతుంది. అక్కడి నుంచి పులుల రాజ్యం. అమ్రాబాద్‌ అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి రాష్ట్రంలో నాగార్జునసాగర్‌- శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైన ఈ అడవి, 2014లో రాష్ట్ర విభజన తర్వాత విడిగా ఏర్పడింది. వన్యప్రాణుల సంచారం దృష్ట్యా రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు చెక్‌పోస్టుల వద్ద వాహనాలను నిలిపివేస్తారు. అంటే ఇక్కడ తిరుగు ప్రయాణానికి బస్సు వేళతో పాటు గేటు వేళను కూడా చూసుకోవాలి.

శంషాబాద్‌ వాసులు శ్రీశైలం రహదారి బస్సులను తుక్కుగూడ వద్ద అందుకోవచ్చు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ నుంచి కల్వకుర్తి, అచ్చంపేట, శ్రీశైలం వెళ్లే బస్సులు ఈ దారినే వస్తాయి. ఔటర్‌ ప్రధాన రహదారిపై బస్సు కోసం నిలబడటం ప్రాణాంతకం. కూడలి దిగువన సర్వీసు రోడ్డు దగ్గరి స్టాపులోనే వేచి ఉండాలి.

ఈ దారిలో నడకకు అనువైనవి ప్రధానంగా మూడు చోట్లు.

ఉమామహేశ్వరం: అచ్చంపేట మండలం రంగాపూర్‌ సమీపంలో కొండ చరియ కింద వెలసిన క్షేత్రం. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా భక్తులు భావిస్తారు. సంక్రాంతి నుంచి ఇక్కడ ఉత్సవాలు జరుగుతాయి. అచ్చంపేట డిపో దగ్గరలోనే ఉండటం వల్ల మొదటిసారి బస్సులో కొండ నడకకు వెళ్లేవారికి ఇదే తేలిక.

మల్లెలతీర్థం: శ్రీశైలం రహదారిపై వటవర్లపల్లి వద్ద దిగి, సుమారు ఎనిమిది కిలోమీటర్లు అడవిలోకి వెళ్లాలి. అక్కడి నుంచి 350 మెట్లకు పైగా లోయలోకి దిగితే జలపాతం. వానలు వెలిసిన తర్వాత కొన్ని నెలలు నీటి ధార కళకళలాడుతుంది. రహదారి నుంచి లోపలికి ఆర్టీసీ బస్సు ఉండదు. వాహనం మాట్లాడుకోకుండా అడవి బాటలో కాలినడకన బయలుదేరడం పులుల అభయారణ్యంలో తగని పని.

సలేశ్వరం: ఏడాదికొక్కసారి, చైత్ర పౌర్ణమి రోజుల్లో మాత్రమే తెరుచుకునే లోతైన లోయ. కొండ మీది నుంచి గుండంలోకి దూకే జలధార పక్కన గుహలో లింగమయ్య కొలువై ఉన్నాడు. చెంచులే ఇక్కడి పూజారులు. 'వస్తున్నాం లింగమయ్యా' అంటూ సాగే జన ప్రవాహాన్ని చూసి దీన్ని తెలంగాణ అమర్‌నాథ్‌ యాత్రగా పిలుస్తున్నారు. జాతరను ఇటీవలి సంవత్సరాల్లో మూడు రోజులకు పరిమితం చేశారు. 2025లో ఏప్రిల్‌ 11 నుంచి 13 వరకు, అంటే శుక్రవారం నుంచి ఆదివారం వరకు జరిగింది. ఆ రోజుల్లో అచ్చంపేట తదితర డిపోల నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. నగరం నుంచి కొండ నడకకు రుతువును బట్టి నడిచే బస్సు అంటే మన ప్రాంతంలో అసలైన ఉదాహరణ ఇదే. అడవి బాటలో రాంపూర్‌ పెంట దాకా వాహనాలు వెళ్లాక, అక్కడి నుంచి సుమారు ఐదు కిలోమీటర్లు రాళ్లూ రప్పల మధ్య కాలినడక. సన్నని కొండ అంచులపై ఎక్కేవారూ దిగేవారూ ఒకే బాటలో ఎదురవుతారు. 2023 ఏప్రిల్‌ జాతరలో విపరీతమైన రద్దీ నడుమ భక్తులు మృతి చెందడం ఈ నడక ఎంత కఠినమో గుర్తు చేసింది.

దిగి.. ఎక్కే కొండలు

కొండ అనగానే ముందు ఎక్కాలి, తర్వాత దిగాలి అనుకుంటాం. ఉమామహేశ్వరం ఆ తీరుకు చెందినదే. మన పరిసరాల్లో మిగిలినవి ఎక్కువగా ఇందుకు విరుద్ధం. బస్సు, జీపు మనలను కొండపైనే దించుతాయి. సలేశ్వరంలో లోయలోకి దిగాలి. మల్లెలతీర్థంలో మెట్లు దిగాలి. అనంతగిరిలోనూ ఆలయం కొండపైన ఉంటే, కాలిబాటలు లోయ వైపు వాలుతాయి. ఉదయం తాజాగా ఉన్న కాళ్లతో దిగేస్తాం. మధ్యాహ్నం ఎండలో, అలసిన దేహంతో, ఖాళీ అయిన నీళ్ల సీసాతో ఎక్కాలి.

తిరుగు బస్సు తప్పడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. దిగడానికి గంట పట్టింది కనుక ఎక్కడానికీ గంటే చాలనుకుంటారు. ఎక్కేటప్పుడు ఒకటిన్నర రెట్లు, పిల్లలు, పెద్దలు ఉంటే రెండింతలు సమయం పడుతుంది. పైగా బృందం నడక వేగం అందరిలోకీ నెమ్మదిగా నడిచేవారి వేగమే.

అందువల్ల లెక్క వెనుక నుంచి వేయాలి. ఉదాహరణకు వికారాబాద్‌లో సాయంత్రం ఆరు గంటలకు బస్సు ఎక్కాలనుకుంటే, అనంతగిరి రోడ్డుపైకి ఐదుకల్లా రావాలి. అంటే లోయ నుంచి మూడు గంటలకే మరలాలి. మధ్యాహ్నం మూడయ్యాక జలపాతం ఇంకో అర కిలోమీటరే ఉందని ఎవరు చెప్పినా వెనుదిరగడమే క్షేమం. నల్లమలలో ఈ హద్దు మరింత ముందుకు జరుగుతుంది. రాత్రి 9 గంటల లోపు మన్ననూరు దాటాలంటే, రహదారికి చేరే అడవి బాటలోని రద్దీని కూడా కలుపుకోవాలి. సలేశ్వరంలో మధ్యాహ్నం దాటాక లోయలోకి దిగడం మొదలుపెట్టినవారు రాత్రిపూట అడవిలో చిక్కుకునే ప్రమాదం ఉంది.

బస్సు ఎందుకు వేయరు?

శని, ఆదివారాల్లో ఇంతమంది కొండలకు వెళుతుంటే శంషాబాద్‌ నుంచి నేరుగా బస్సు ఎందుకు ఉండదన్నది పలువురు అడిగే ప్రశ్న. దీనికి సమాధానం బస్సు లెక్కలో ఉంది.

మామూలు పల్లె బస్సు రెండు వైపులా జనంతో నడుస్తుంది. ఉదయం ఊళ్ల నుంచి పట్నానికి కూలీలు, విద్యార్థులు వస్తే, అదే బస్సు మరలేటప్పుడు సరుకులు కొన్నవారు, ఆసుపత్రికి వచ్చినవారు ఎక్కుతారు. కొండ బస్సు అలా కాదు. ఉదయం అందరూ ఒకే వైపు వెళతారు. బస్సు అక్కడే పగలంతా నిలబడాలి, లేదా ఖాళీగా తిరిగి రావాలి. సాయంత్రం మళ్లీ ఖాళీగా వెళ్లి జనాన్ని తీసుకురావాలి. నాలుగు ట్రిప్పుల డీజిలుకు రెండు ట్రిప్పుల ఆదాయమే వస్తుంది. అందుకే పండుగలు, జాతరల ప్రత్యేక బస్సుల్లో తిరుగు ఖర్చు రాబట్టుకునేందుకు సగం వరకు అదనపు ఛార్జీ వసూలు చేసే వెసులుబాటును 2003 నాటి 16వ నంబరు జీవో సంస్థకు కల్పించింది. ప్రత్యేక బస్సు టికెట్టు మామూలు బస్సు కంటే ఎక్కువ ఎందుకన్న ప్రశ్నకు మూలం ఇదే.

వాన మరో చిక్కు. శనివారం సాయంత్రం భారీ వర్షం పడితే ఆదివారం బస్సు సగం ఖాళీ. వాన పడకపోతే కొండ ఎండిపోయిందని జనం రారు. సీటు ముందుగా రిజర్వు చేసుకునే పద్ధతి ఉంటేనే డిపో అధికారులు ధైర్యం చేయగలరు.

2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం ఈ లెక్కను కొంత మార్చింది. రాష్ట్ర పరిధిలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం లభించడంతో, ఒకప్పుడు ఇల్లు దాటని ఎందరో మహిళలు బృందాలుగా క్షేత్రాలకు, విహారాలకు బయలుదేరుతున్నారు. స్థానికతను చూపే గుర్తింపు కార్డు వెంట ఉండాలి. డీలక్స్‌, సూపర్‌ లగ్జరీ వంటి బస్సులకు ఉచితం వర్తించదు. శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కనుక పథకం రాష్ట్ర సరిహద్దు వరకే. జాతర ప్రత్యేక బస్సుల విషయంలో ఎక్కే ముందే కండక్టరును అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

తిరుమల నేర్పిన పాఠం

నడకకు బస్సును జత చేయడం తెలుగువారికి కొత్త కాదు. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు ఎక్కి వెళ్లే భక్తులు నిత్యం వేలల్లో ఉంటారు. వారిలో అత్యధికులు దర్శనం అయ్యాక బస్సులోనే కొండ దిగుతారు. 1944లో మొదటి ఘాట్‌ రోడ్డు, 1974లో రెండో ఘాట్‌ రోడ్డు వచ్చాక ఎక్కే దారిని, దిగే దారిని వేరు చేయడంతో ఈ ఏర్పాటు సుగమమైంది. నడిచే భక్తుడు ఎన్ని గంటలకు కొండపైకి చేరినా బస్సు దొరుకుతుందన్న భరోసా ఉంది. ఆ భరోసా ఉన్నందునే ముసలివారు కూడా మెట్లెక్కే సాహసం చేస్తున్నారు.

విదేశాల్లోనూ ఇటువంటి ఏర్పాట్లున్నాయి. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని సియాటిల్‌ ప్రాంతంలో కింగ్‌ కౌంటీ రవాణా సంస్థ 2017లో 'ట్రైల్‌హెడ్‌ డైరెక్ట్‌' పేరిట బస్సులు ప్రారంభించింది. వేసవి కాలంలో శని, ఆదివారాలు, సెలవు దినాల్లో నగరం నుంచి కొండ బాటలు మొదలయ్యే చోటుకు ఇవి నడుస్తాయి. కొండల దగ్గర రోడ్డు పక్కన కార్లు నిలిపి జనం ప్రమాదాలకు లోనుకావడం, కారు లేనివారికి కొండలు అందకపోవడం అనే రెండు చిక్కులకూ ఒకే మందుగా దీన్ని తలపెట్టారు. యూటా రాష్ట్రంలోని జయాన్‌ జాతీయ వనంలో 2000 సంవత్సరం నుంచే రద్దీ కాలంలో లోయలోకి కార్లను ఆపి బస్సులు నడుపుతున్నారు.

ఆ దేశాల ఖర్చు మన డిపోలు భరించలేకపోవచ్చు. కానీ సూత్రం ఒక్కటే. ఏడాది పొడవునా బస్సు అక్కరలేదు. రుతువు ఉన్నన్నాళ్లు, వారానికి రెండు రోజులు, చెప్పిన వేళకు వెళ్లి చెప్పిన వేళకు తిరిగి వస్తే చాలు.

శంషాబాద్‌కు సాధ్యమయ్యేదేమిటి?

ఇప్పటికిప్పుడు చేతిలో ఉన్న మార్గం అద్దె బస్సు. ఆర్టీసీ తన బస్సులను పెళ్లిళ్లకు, యాత్రలకు అద్దెకిస్తోంది. ఒక కళాశాల, ఒక కాలనీ సంఘం, ఒక గోదాము ఉద్యోగులు కలిసి బస్సు నిండేంత మందిని కూడగట్టగలిగితే డిపోలో ముందుగా డబ్బు చెల్లించి బస్సు తీసుకోవచ్చు. బస్సు పగలంతా కొండ దగ్గరే ఉంటుంది కనుక తిరుగు ప్రయాణంపై బెంగ ఉండదు. వర్షం ముంచుకొస్తే తలదాచుకోవడానికీ అదే నీడ.

దీర్ఘకాలంలో చేయదగినది, వానాకాలం ఆదివారాల్లో శంషాబాద్‌ నుంచి అనంతగిరికి ఒక ప్రయోగ బస్సు. వికారాబాద్‌ వైపు నుంచి ఉదయం నగరానికి, సాయంత్రం నగరం నుంచి వికారాబాద్‌కు వచ్చే ప్రయాణికులు ఎలాగూ ఉంటారు. కొండ బస్సు అందుకు ఎదురు దిశలో నడుస్తుంది. ఒకే బస్సును ఇరువర్గాలకూ ఉపయోగించేలా వేళలు కూర్చితే ఖాళీ ట్రిప్పుల నష్టం చాలావరకు తగ్గుతుంది. డిపో మేనేజర్లు ఫోనులో ప్రయాణికులతో మాట్లాడే కార్యక్రమాల్లోను, సోమవారం ప్రజావాణిలోను కోరిక పెట్టేటప్పుడు 'బస్సు వేయండి' అని ఊరకే అడగడం కంటే ఎందరు వస్తారు, ఏ ఆదివారాలు, ఎన్ని గంటలకు తిరుగు ప్రయాణం అన్న వివరాలతో అడిగితే ఆ కోరికకు బలం ఉంటుంది.

కొండ దగ్గరి పల్లెలకూ ఇందులో మేలుంది. కార్లలో వచ్చేవారు నగరంలోనే అన్నీ కొనుక్కుని వచ్చి, చెత్త మాత్రం ఇక్కడ వదిలి వెళుతున్నారన్నది కొండ ప్రాంత వాసుల ఆవేదన. బస్సులో వచ్చేవారు బరువులు మోయలేరు కనుక టీ కొట్టులో, జొన్నరొట్టె అమ్మే అమ్మ దగ్గర, ఆటో డ్రైవరు చేతిలో నాలుగు రూపాయలు పెడతారు.

నడిచేవారికి సూచనలు

* తిరుగు బస్సు, రైలు వేళలు ఉదయమే కాగితంపై రాసుకోవాలి. లోయల్లో సెల్‌ఫోన్‌ సంకేతాలు అందవు. చివరి బస్సును కాక, దానికి ముందు బస్సును లక్ష్యంగా పెట్టుకోవాలి.

* మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు ఉండాలి. అందులో సగం తిరిగి ఎక్కే నడకకు దాచుకోవాలి. చైత్ర మాసపు ఎండలో సలేశ్వరం వెళ్లేవారు ఉప్పు, చక్కెర కలిపిన నీరు లేదా మజ్జిగ వెంట ఉంచుకోవాలి. గుండె జబ్బులు, ఆయాసం ఉన్నవారు లోయలోకి దిగకపోవడం మంచిది.

* చెప్పుల కంటే పట్టు ఉన్న బూట్లు మేలు. వానాకాలంలో పాచి పట్టిన బండలు జారుతాయి. జలపాతాల గుండాల లోతు పైకి తెలియదు. స్వీయ చిత్రాల కోసం బండల అంచులకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న ఉదంతాలు ఎన్నో ఉన్నాయి.

* పిడుగుల వాన మొదలైతే చెట్ల కింద, కొండ కొమ్మున నిలబడకూడదు.

* పులుల అభయారణ్యంలోకి ప్లాస్టిక్‌, అగ్గిపెట్టె, మద్యం తీసుకెళ్లరాదు. ఎండాకాలంలో ఆర్పని ఒక్క బీడీ ముక్క ఎకరాల అడవిని బుగ్గి చేస్తుంది.

* చెంచు పెంటలు ప్రదర్శనశాలలు కావు. అనుమతి లేకుండా ఇళ్లలోకి తొంగిచూడటం, పిల్లల ఫొటోలు తీయడం తగదు. దారి తెలియనప్పుడు అడగవలసింది మాత్రం వారినే.

* బృందంలో అందరి పేర్లు, ఇంటి ఫోను నంబర్లు ఒకరి దగ్గర ఉండాలి. బస్సు ఎక్కాక తలలు లెక్కించాకే కదలాలి.

శంషాబాద్‌లో రోజూ వందల విమానాలు దిగుతున్నాయి, ఎగురుతున్నాయి. ఖండాంతరాలకు వెళ్లేవారిని చేర్చే పుష్పక్‌ బస్సులు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. అదే శంషాబాద్‌ నుంచి రెండు, మూడు గంటల దూరంలోని కొండకు ఆదివారం నాడు వెళ్లి, చీకటి పడేలోగా ఇల్లు చేరే బస్సు ఒకటి కావాలని కోరడం అత్యాశ కాదు. అది వచ్చేదాకా కొండకు వెళ్లేవారు ముందుగా విచారించవలసింది తిరుగు బస్సు వేళనే.